టవల్ పెట్టెకు రాసే మనిషి కావలెను

కొంతం చౌక్ వెనక గల్లీలో ఆమెను అందరూ జాహిరాత్ సుమిత్ర అనేవారు. ఆమెకు ఇంటిపేరు ఉంది, రేషన్ కార్డు మీద మొగుడి పేరుతో కలిపి రాసిన పెద్ద పేరూ ఉంది. అయినా ఎవరైనా కొత్తవాళ్లు వచ్చి సుమిత్ర ఇల్లెక్కడని అడిగితే, జాహిరాతులు చదివే సుమిత్రేనా అని గల్లీ ఎదురు ప్రశ్న వేసేది. సోలాపూర్‌లో జాహిరాత్ అంటే పేపర్లో వచ్చే ప్రకటన. సబ్బుల ప్రకటనలూ సినిమా ప్రకటనలూ ఆమె ముట్టుకునేది కాదు. ఉద్యోగాలవి మాత్రమే చదివేది.

ఆదివారం పొద్దున వంటలు తెమిలాక వరస గదుల చాళ్ ముందు వాకిట్లో ఆడవాళ్లంతా ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చుట్టడానికి కూర్చునేవారు. చేతులకు పని ఉండేది కానీ చెవులు ఖాళీగా ఉండేవి. సుమిత్ర తన చాట పక్కన మరాఠీ పేపరు పరుచుకుని, చుడుతూ చుడుతూనే జాహిరాతులు పైకి చదివి, వాటిని అప్పటికప్పుడు తెలుగులో చెప్పేది. ముసలి మల్లమ్మ, ఎదురింటి అంజమ్మ ఆ ఉద్యోగాలన్నీ తమకే వచ్చినట్టు బేరాలాడేవారు. ఒకటి దూరమనేవారు, ఒకటి ఎండలో తిరగాలనేవారు. అట్లా ఆ వాకిట్లో కూర్చున్న ఆరుగురూ ఎన్నో పెద్ద ఉద్యోగాలను కాదనుకున్నారు.

నవ్వులాట అందరిదీ, ఆశ మాత్రం సుమిత్రది. ఆమెకు అప్పటికి ముప్ఫై ఒకటి. మరాఠీ బడిలో పదో తరగతి పాసైంది, చేతిరాత ముత్యాల్లా ఉండేది. గల్లీలో ఎవరికి ఏ అర్జీ కావాలన్నా ఆమే రాసిపెట్టేది. పొగాకు ధూళికి రాత్రుళ్లు దగ్గు వచ్చేది. ఒళ్లో చాట దించేసి, ఒక బల్ల ముందు కుర్చీలో కూర్చుని రాసే పని ఒక్కటి చేయాలని ఆమెకు పెళ్లికి ముందు నుంచీ ఉంది. గుమాస్తాకనీ, లైబ్రరీకనీ, ఆస్పత్రిలో చీట్లు రాయడానికనీ ఇప్పటికి పదిహేడు అర్జీలు పెట్టింది. ఒక్కదానికీ జవాబు రాలేదు. రానందుకు ఏడ్చేది కాదు గానీ జాహిరాతుల మీద మహా కోపం పెంచుకుంది. ఏం కావాలో తెలియనివాళ్లే పెద్ద పెద్ద జాహిరాతులు వేస్తారని ఆమె వాదన.

ఎనభై తొమ్మిదో సంవత్సరం, వానలు మొదలైన కొత్తలో ఒక ఆదివారం ఈ జాహిరాత్ వచ్చింది. వేసినవాడు పరాయివాడు కాదు. సాంచాల సామాను అమ్మే జనార్దన్ శేట్, కరీంనగర్ వైపు నుంచి తాతల కాలంలో వచ్చిన కుటుంబం. పవర్‌లూమును మనవాళ్లు సాంచా అంటారు. మామూలు సాంచాకు బిగిస్తే దాని మీద కుచ్చుల టర్కీ టవల్ నేయగలిగే ఇనుప పెట్టె ఒకదాన్ని జనార్దన్ శేట్ రెండేళ్ల కిందట తయారుచేయించాడు. పెట్టె మంచిదే. కొన్నవాళ్లకు దాన్ని సరిచేసుకోవడం రాక రోజూ దుకాణానికి ఫోన్లు వచ్చేవి, దుకాణం నుంచి సాంచాలు బాగుచేసే జాబర్ అంబాదాస్ పానాల సంచి భుజాన వేసుకుని పరుగెత్తేవాడు. అంబాదాస్ అంటే సుమిత్ర మొగుడే.

సుమిత్ర గొంతు సవరించుకుని చదివింది.

“టెక్నికల్ రైటర్ కావలెను. మా టవల్ యంత్రానికి మార్గదర్శక పుస్తకం రాయుటకు. టెక్స్‌టైల్ ఇంజినీరింగ్ పట్టా తప్పనిసరి. ఇంగ్లీషు, మరాఠీ, హిందీ, తెలుగు, కన్నడ భాషలలో ప్రావీణ్యం. ఇదే యంత్రంపై కనీసం పదేళ్ల అనుభవం. వయస్సు ఇరవై ఐదు మించరాదు.”

“ఆగు ఆగు,” అంది మల్లమ్మ. “ఆ పెట్టె వచ్చి రెండేండ్లే ఆయె. పదేండ్ల అనుభవం యాడికెల్లి తెస్తడు?”

“పదిహేనేండ్లప్పుడు మొదలువెట్టాలె మరి,” అంది అంజమ్మ. “ఇంజనీరింగు ఎప్పుడు సదివిండో.”

“ఇనుండ్రి, ఇంక ఉన్నది,” అంటూ సుమిత్ర కొనసాగించింది. “టైపు, చిత్రలేఖనం, ఫొటోగ్రఫీ తెలిసి ఉండవలెను. ఫోనులో మధురంగా మాట్లాడవలెను. అవసరమైనచో యంత్రమును లేపగల దేహదారుఢ్యం. సొంత సైకిలు. నాయకత్వ లక్షణములు గలవారై, చెప్పినట్టు వినువారై ఉండవలెను. అవివాహితులకు ప్రాధాన్యం.”

వాకిలంతా నవ్వింది. మల్లమ్మ నవ్వలేక చాట పక్కన పెట్టేసింది. “నా పెండ్లికి మా నాయన గూడ గిన్ని గుణాలు అడగలే పోరి. అడిగితే గీ ముసలోడు దొరుకునా నాకు.”

సుమిత్ర మాత్రం నవ్వలేదు. పెన్సిలు తీసి జాహిరాత్‌లో ఒక్కో ముక్కా కొట్టేస్తూ పోయింది. ఫొటోగ్రఫీ పోయింది, సైకిలు పోయింది, దేహదారుఢ్యం పోయింది. చివరికి మిగిలింది ఒకటే మాట: ‘పుస్తకం రాయుటకు’. దాని వంక చాలాసేపు చూసింది. పద్దెనిమిదో అర్జీ ఇదే, ఇది కూడా పోతే ఇక జన్మలో జాహిరాత్ చదవనని అందరి ముందూ అనేసింది. ఆ మాట అన్నాక ఆమెకే భయం వేసింది.

అర్జీ పోస్టులో వేయలేదు, మర్నాడు తానే పట్టుకుని వెళ్లింది. జనార్దన్ శేట్ దుకాణంలో గాదీ పరుపు మీద కూర్చుని ఉన్నాడు. పక్కన కుర్చీలో బామ్మర్ది పాండురంగ్ ఏదో ఇంగ్లీషు పేపరు తిరగేస్తున్నాడు. అతను బీకాం చదివాడు. ఆ కారణంగా దుకాణంలో ఏ పనీ అతనికి సరిపోయేది కాదు.

శేట్ అర్జీ చదివి నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు. “అంబాదాస్ ఇంటిదానివా బిడ్డా? దస్వీ పాసైతివి, మంచిదే. గని గిది ఇంజనీర్ల పని.”

“ఇంజనీర్లు వచ్చిండ్రా శేట్?”

శేట్ ముఖం చేదు మాత్ర మింగినట్టు అయింది. ముగ్గురు వచ్చారట. మొదటివాడు పుణె నుంచి వచ్చిన పట్టభద్రుడు, వయసు ఇరవై నాలుగు, పదేళ్ల అనుభవం ఉన్నట్టు వాళ్ల నాన్న సంతకంతో ఉత్తరం తెచ్చాడు. కార్ఖానాకు తీసుకెళ్తే ఇంత మోతలో మనుషులు పని చేస్తారా అని చెవులు మూసుకుని రైలెక్కాడు. రెండోవాడు రిటైరైన హెడ్మాస్టరు. నమూనాగా పదహారు పేజీలు రాశాడు. అందులో నేతవాళ్ల మూలపురుషుడు మార్కండేయుడి వంశం వచ్చింది, నేతకళ గొప్పతనం వచ్చింది, దేశభక్తి కూడా వచ్చింది గానీ నట్టు మాత్రం రాలేదు. మూడోవాడు పెళ్లిళ్ల ఫొటోగ్రాఫరు. జాహిరాత్‌లో ఆ ఒక్క ముక్కే తనకు సరిపోయిందని వచ్చాడు.

“మీరు అడిగిన మనిషి ఇంక పుట్టలే శేట్,” అంది సుమిత్ర. కొట్టివేతలతో నిండిన పేపరు ముక్క గాదీ మీద పెట్టింది. “పుస్తకం ఎవరి కోసం? సాంచా నడిపేటోళ్ల కోసం. ఆళ్లకు అర్థమయ్యేటట్టు రాసేటోళ్లు గావాలె. గదొక్కటి తప్ప అన్నీ రాసిండ్రు గీంట్ల.”

శేట్ బామ్మర్ది వైపు చూశాడు. పాండురంగ్ పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. విషయం బయటపడింది. బొంబాయి పేపర్లో పడ్డ నాలుగు జాహిరాతుల్లోంచి బాగున్న ముక్కలన్నీ ఏరి అతను ఒక్కటిగా కుట్టాడు. ఫోనులో మధురంగా మాట్లాడేది హోటలు ఉద్యోగంలోంచి వచ్చింది, దేహదారుఢ్యం ఎక్కడి నుంచి వచ్చిందో అతనికే గుర్తులేదు.

శేట్‌కు కోపమూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. కాసేపు ఆలోచించి సుమిత్రకు ఒక మాట చెప్పాడు. ఎనిమిది రోజుల్లో పుస్తకం రాసి తేవాలి. దాన్ని తన కార్ఖానాలో సిద్ధరాములు చేతికి ఇస్తాడు. అంబాదాస్ దగ్గర ఉండకూడదు. సిద్ధరాములు ఆ పుస్తకం చూసి, ఎవరినీ అడగకుండా, టవల్ పెట్టె సరిచేసి కుచ్చు లేపితే ఉద్యోగం సుమిత్రది. లేకపోతే ఎవరి దారి వాళ్లది.

“సిద్ధరాములు మామనా,” అంది సుమిత్ర.  సిద్ధరాములుకు అరవై ఏళ్లు. నలభై ఏళ్లుగా సాంచా నడుపుతున్నాడు. కాగితం మీద రాసింది ఏదైనా తన్ను మోసం చేయడానికే రాశారని ఆయన నమ్మకం. కరెంటు పోయినా అంబాదాస్‌నే పిలిచేవాడు.

ఇంటికొచ్చి అంబాదాస్‌కు సంగతి చెబితే ముందు సంబరపడ్డాడు. పెట్టె సరిచేసేది ఎట్లాగో చెప్పమని కాగితాలు ముందేసుకుని కూర్చునేసరికి నీళ్లు నమిలాడు. కార్ఖానాలో సాంచాల మోతకు మాట వినబడదు. అక్కడ పని నేర్పినవాళ్లు మాటలతో నేర్పరు, చెయ్యి పట్టుకుని నేర్పుతారు. దారం తెగిందన్నా, చాయ్ వచ్చిందన్నా, శేట్ వస్తున్నాడన్నా అన్నీ చేతి సైగలే. పద్దెనిమిదేళ్లు అట్లా బతికిన మనిషి.

“నాకు చేతులకెర్క సుమీ. నోటికెర్క లేదు,” అన్నాడు.

“అయితే చేతులతోనే జెప్పు. నేను రాసుకుంట.”

మంచం నిలబెట్టి దాన్నే సాంచా చేశారు. మంచం అడ్డపట్టెకు రెండు చివర్లా రెండు చెంబులు కట్టి నట్టులన్నారు. అంబాదాస్ మంచం ముందు నిలబడి, కళ్లు సగం మూసుకుని చేతులు ఆడిస్తూ పోయాడు. అప్పుడు అతని నోరు కూడా కదిలింది. “ఈ దిక్కుది అర చుట్టు ఒదులు చెయ్యాలె... ఆ దిక్కుది గట్టిగ బిగియ్యాలె... ఇగ వేలు పెట్టి సూడాలె, దారం తబలా లెక్క మోగాలె.” పక్కన నిలబడి సుమిత్ర గబగబా రాసుకుంది. కిటికీలోంచి చూసిన అంజమ్మ, మొగుడూ పెళ్లాలు మంచానికి చెంబులు కట్టి మొక్కుతున్నారని గల్లీ అంతా చెప్పింది.

ఆరు రోజులు అట్లా గడిచాయి. కార్ఖానాలో చాలామంది తెలుగు మాట్లాడేవాళ్లే అయినా బడి మరాఠీది. అందుకని సుమిత్ర తెలుగు మాటలనే మరాఠీ అక్షరాల్లో రాసింది. ఎక్కడా పెద్ద మాట వాడలేదు. ఒక్క చోట మాత్రం ఆమెకు మొహమాటం అడ్డొచ్చింది. ‘ఈ దిక్కు, ఆ దిక్కు’ అని పుస్తకంలో రాస్తే చదువురానివాళ్లు రాసినట్టు ఉంటుందనిపించింది. పెట్టెతో పాటు శేట్ ఇచ్చే ఇంగ్లీషు కాగితంలో కూడా ఎడమ, కుడి అనే ఉంది. కాబట్టి అంబాదాస్ ఎడమ చెయ్యి చాపిన చోటల్లా ఎడమ అనీ, కుడి చెయ్యి చాపిన చోటల్లా కుడి అనీ మర్యాదగా రాసి, పన్నెండు పేజీలు దారంతో కుట్టింది.

పరీక్ష రోజు మధ్యాహ్నం భోజనాల వేళ సాంచాలన్నీ ఆపించారు. అంబాదాస్‌ను రోడ్డు అవతల చాయ్ హోటలుకు పంపేశారు. శేట్ వచ్చాడు, పాండురంగ్ వచ్చాడు. అన్నాలు తిని చేతులు కడుక్కున్న నేతగాళ్లు చుట్టూ చేరారు. సిద్ధరాములు కళ్లద్దాలు పైకి జరిపి, పుస్తకాన్ని దూరంగా పట్టుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు.

“అరే, గిది మన మాటనే గదా,” అన్నాడు ఆశ్చర్యపోయి. “దారం తబలా లెక్క మోగాలెనంట. నిజమే.”

సుమిత్రకు ప్రాణం లేచొచ్చింది. సిద్ధరాములు పుస్తకం చెప్పినట్టే ఎడమ నట్టు అర చుట్టు వదులు చేశాడు, కుడి నట్టు బిగించాడు, వేలు పెట్టి చూశాడు, బటను నొక్కాడు. సాంచా నాలుగు దెబ్బలు కొట్టింది. కుచ్చు లేవలేదు సరికదా, ఉన్న కుచ్చు కూడా పడుకుంది. ఇంకో రెండు దెబ్బలకు పడుగు దారాలు వరసగా తెగాయి.

పాండురంగ్ నవ్వాడు. అతని వెనకాల ఇంకో ఇద్దరు నవ్వారు. శేట్ జేబు గడియారం చూసుకుని, “సరే బిడ్డా, కష్టపడ్డవు. ఇగ ఇంటికి వో,” అన్నాడు మెల్లగా. సుమిత్ర చెవులు మండిపోయాయి. ఒక్క అంగలో తలుపు దాటి పారిపోవాలనిపించింది. అయినా కాళ్లు కదల్లేదు, ఎందుకంటే సిద్ధరాములు రాసింది రాసినట్టే చేయడం ఆమె కళ్లారా చూసింది. తప్పు ఆయనది కాదు. అంబాదాస్ చేతులదీ కాదు, ఆ చేతులు రోజూ కుచ్చు లేపుతూనే ఉన్నాయి. మిగిలింది తన రాత.

“మామా,” అంది. “మొన్న మా ఆయన వచ్చి గీ పెట్టె సరిజేసిండు గదా. అప్పుడు యాడ నిలవడ్డడు?”

“గీ సాంచా గాదు బిడ్డా, యెనకది.” సిద్ధరాములు నిలబడ్డ చోటే వెనక్కి తిరిగి చూపించాడు.

అప్పుడు చూసింది సుమిత్ర. కార్ఖానాలో సాంచాలు జంటలుగా, ఎదురెదురుగా ఉంటాయి. మధ్య సందులో నేతగాడు నిలబడి, ఇటు తిరిగి ఒకటి, అటు తిరిగి ఒకటి నడుపుతాడు. రెండింటి మోటార్లూ గోడ వైపే, రెండో చివర మనుషులు నడిచే బాట వైపు. అంటే ఇటు తిరిగితే మోటరు ఎడమ చేతికి వస్తుంది, అటు తిరిగితే కుడి చేతికి వస్తుంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఈ సాంచాల మధ్య తిరిగినవాళ్లకు అది ఎంత అలవాటంటే, ఎవరూ ఎప్పుడూ చెప్పుకోలేదు. అంబాదాస్ మంచం ముందు నిలబడి చూపించింది వెనక సాంచాకు. పుస్తకం సగం సాంచాలకు సరైనది, సగం సాంచాలను పాడు చేసేది.

“శేట్, ఒక్క పదినిమిషాలు,” అంది. శేట్ ఏమీ అనకముందే సిద్ధరాములు వైపు తిరిగింది. “మామా, మీరు ఎడమ, కుడి అంటరా సాంచాకు?”

“ఎందుకంటం? మోటరు దిక్కు అంటం, బాట దిక్కు అంటం. ఎడమ కుడి అన్నం దినేటప్పుడు గదా.”

సుమిత్ర అక్కడే దారపు మూట మీద కూర్చుని పుస్తకం ఒళ్లో పెట్టుకుంది. ఎడమ అన్న చోటా, కుడి అన్న చోటా, మొత్తం ఇరవై రెండు చోట్ల పెన్సిలుతో కొట్టేసింది. వెనక సాంచాకు మోటరు ఏ చేతికి ఉందో మళ్లీ మళ్లీ చూసుకుంటూ మోటరు దిక్కు, బాట దిక్కు అని రాసింది. ఆ తొందరలో ముత్యాల్లాంటి చేతిరాత కాస్తా కోడి కెలికినట్టు వచ్చింది. ఈలోగా సిద్ధరాములు తెగిన దారాలు అతికి, ఆమె ముందుకొచ్చి చెయ్యి చాపాడు. పుస్తకం తీసుకుని ఈసారి వేగంగానే చదివాడు. మొదట పాడైన సాంచా మీదనే బాట దిక్కు నట్టు వదులు చేశాడు, మోటరు దిక్కుది బిగించాడు, వేలు పెట్టాడు. దారం మోగింది.

బటను నొక్కితే కుచ్చు లేచింది. జానెడు బట్ట దిగింది. తర్వాత సిద్ధరాములు వెనక్కి తిరిగి, అదే పుస్తకంతో వెనక సాంచా కూడా సరిచేశాడు. అక్కడా కుచ్చు లేచింది. శేట్ ఇంగ్లీషు కాగితం జేబులోంచి తీసి, ఎడమ, కుడి అన్న మాటల మీద వేలు పెట్టి, రెండు సాంచాలనూ మార్చి మార్చి చూశాడు.

“రెండేండ్ల సంది ఫోన్లన్నీ గిందుకేనా,” అన్నాడు. “ఒక సాంచా మంచిగ నడుస్తది, దాని జంటది నడువదంటరు. పెట్టెల దోషమనుకుంటి.” పాండురంగ్ మరి నవ్వలేదు.

సరిగ్గా అప్పుడే భోజనాల వేళ అయిపోయి గంట కొట్టారు. నేతగాళ్లు పరుగున వెళ్లి బటన్లు నొక్కారు. నలభై ఎనిమిది సాంచాలు ఒక్కసారిగా మొదలయ్యాయి. శేట్ సుమిత్ర వైపు తిరిగి ఏదో అన్నాడు. ఆయన పెదవులు కదలడం కనిపించింది గానీ ఒక్క ముక్క వినబడలేదు. ఇంకోసారి అన్నాడు. సుమిత్ర చెవి ముందుకు వంచింది. అవునన్నాడో కాదన్నాడో తెలియలేదు. ఇన్నేళ్లు సాంచాల మధ్య బతికినవాళ్లు పెదవులు చూసి మాట పట్టుకుంటారు, ఆమె బీడీలు చుట్టిన మనిషి. శేట్ ఆమె భుజం తట్టి, తల ఊపి, మోత భరించలేక బయటికి నడిచాడు.

ఆమె సిద్ధరాములు వంక చూసింది. ఆయన ఆమెను వేలితో చూపించాడు. అరచేతి మీద వేలితో రాసినట్టు గీశాడు. తర్వాత మోకాళ్లు వంచి, లేని కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుని, దర్జాగా చొక్కా సర్దుకున్నాడు. పక్క సాంచావాడు అది చూసి అదే సైగ తన పక్కవాడికి చేశాడు. వాడు ఇంకొకడికి చేశాడు. రాయడం, కూర్చోవడం, రాయడం, కూర్చోవడం, వరస వెంట ఆ సైగ తలుపు దాకా పోయింది. తలుపు దగ్గర, చాయ్ హోటలులో నిలవలేక వచ్చేసిన అంబాదాస్ నిలబడి ఉన్నాడు. చివరి సాంచావాడి సైగ చూసి అతను చేతిలో గ్లాసు కింద పెట్టేసి, రెండు చేతులూ పైకెత్తాడు. అతని ముఖమంతా నవ్వు, కళ్లలో నీళ్లు.

“ఏమన్నడు మామా?” అని సుమిత్ర అరిచింది. తనకు తెలిసిపోయింది, అయినా మాటగా వినాలి.

సిద్ధరాములు వంగి ఆమె చెవి దగ్గర నోరు పెట్టాడు. “రేపు తొమ్మిదింటికి రమ్మన్నడు. పాండురంగ్‌ను లేపి ఆ కుర్చీ నీకే ఇస్తడంట.”

సుమిత్ర ఆ సాంచాల మధ్యనే నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, సిగ్గుపడకుండా గట్టిగా ఏడ్చింది. ఆ మోతలో ఆ ఏడుపు ఆమెకే వినిపించలేదు.